ఏడున్నర రేకుల పువ్వు

నరసాపురం లేసు అందం గురించి మీరు వినే ఉంటారు. ఆ అందం కోసం ఎన్నిసార్లు అల్లాలో, అల్లింది ఎన్నిసార్లు విప్పాలో తెలియాలంటే మాత్రం సూది పట్టుకుని చాప మీద కూర్చోవాల్సిందే!

'లాగేయండమ్మా...'

మామ్మగారు చాలా మామూలుగా అన్నారు, 'టీ చల్లారిపోతోంది తాగండమ్మా' అన్నట్టుగా.

నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంది. పొద్దున్న తొమ్మిదింటికి మొదలెట్టి, మధ్యాహ్నం పన్నెండున్నర దాకా మెడ వంచి అల్లిన పువ్వు అది. మొత్తం నాలుగంటే నాలుగు వరసలు. అరచేతిలో సగం కూడా లేదు. అయినా నా కంటికి ముచ్చటగానే ఉంది. 'బానే ఉంది కదండీ మామ్మగారూ?' అన్నాను కాస్త బతిమాలుతున్నట్టుగా.

ఆవిడ పువ్వుని తీసుకుని గచ్చు మీద పెట్టారు. ఓ పక్క వేలితో నొక్కారు. రెండో పక్క లేచింది. అక్కడ నొక్కితే ఇక్కడ లేచింది. 'పళ్లెంలా కూచోవాలండి. ఇది గిన్నెలా లేచిపోతంది. రేకులు లెక్కెట్టండి' అన్నారు.

లెక్కపెట్టాను. ఎనిమిది. ఎందుకైనా మంచిదని మళ్లీ లెక్కపెట్టాను. ఎనిమిదే! 'ఎనిమిదోది చూడండి... అది రేకా?' అన్నారు మామ్మగారు. నిజమే. రెండు రేకుల మధ్య ఇరుక్కుపోయి, బస్సులో మూడో మనిషిలా సర్దుకుని ఉందది. 'మీది ఏడున్నర రేకుల పువ్వండి' అని తేల్చేశారు. పక్కనే కూర్చున్న కోడలు నవ్వాపుకోడానికి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

లాగాను. సర్ర్... మూడున్నర గంటల పని అర నిమిషంలో ఒళ్లో దారం పోగయింది.

పట్టాలు ఆగిపోయే ఊరు

నరసాపురం వెళ్లినవాళ్లకి తెలుసు, అక్కడితో రైలు పట్టాలు అయిపోతాయి. భీమవరం, పాలకొల్లు దాటుకుంటూ వచ్చిన రైలు ఇక ముందుకి పోలేదు. ముందున్నది వశిష్ఠ గోదావరి. మనుషులూ మోటారు సైకిళ్లూ అన్నీ కలిసి ఎక్కే పంటు మీద ఏరు దాటితే అవతలి గట్టు సఖినేటిపల్లి. ఇంకాస్త పోతే అంతర్వేది నరసింహస్వామి, ఆ తర్వాత సముద్రం. రేవు దగ్గర నిలబడితే గాలిలో చేపల వాసనా, ఉప్పు వాసనా కలిసి తగులుతాయి. టీ బావుంటుంది. ఆ రేవులో నేను రెండు టీలు తాగాను. ఈ టీల సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనుంది.

ఈ ఊరికి దారంతో చుట్టరికం ఈనాటిది కాదు. నరసాపురాన్ని ఆనుకునే మాధవాయిపాలెం ఉంది. 17వ శతాబ్దంలో అక్కడ ఇంగ్లిషువాళ్ల ఈస్టిండియా కంపెనీకి వర్తక స్థావరం ఉండేది. ఇక్కడి నుంచి ఓడలెక్కి వెళ్లిన నూలు బట్టకు దొరలు ఊరిపేరే పెట్టుకున్నారు. వాళ్ల నోరు తిరగక మాధవాయిపాలెం కాస్తా 'మడపోలం' అయింది. ఇంగ్లిషు నిఘంటువుల్లో ఆ పేరుతో బట్ట ఇప్పటికీ ఉంది. పాలెంలో మాత్రం ఆ మాట అడిగితే ఎవరూ గుర్తుపట్టలేదు.

లేసు ఆ తర్వాత వచ్చింది. 1844లో స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్లకు నేర్పారని చెబుతారు. మొదట క్రైస్తవంలో చేరిన పేదింటి ఆడవాళ్లు అల్లారు. తర్వాత్తర్వాత, పొలం పనికి పంపడం పరువు తక్కువనుకునే ఇళ్లలోకీ సూది వెళ్లింది. గడప దాటక్కర్లేదు, మగ్గం అక్కర్లేదు, గది అక్కర్లేదు. కావల్సిందల్లా కొసన కొక్కెమున్న ఒక సూది, దారపు ఉండ. పిల్లాడిని ఒళ్లో పడుకోబెట్టుకుని కూడా అల్లుకోవచ్చు. ఇక్కడివాళ్లు దీన్ని 'లేసు పని' అంటారు. పుస్తకాల్లో క్రోషే అని ఉంటుంది. నరసాపురం చుట్టుపక్కల, ఏటికి అవతల కోనసీమలో, ఎన్ని గుమ్మాల్లో ఈ సూది ఆడుతుందో! ఇక్కడి టేబుల్ గుడ్డలూ దుప్పట్లూ తరాలుగా విదేశాలకు వెళ్తున్నాయి. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఇంత పేరున్న పనిని నాలుగ్గంటల్లో నేర్చేసుకుని, చిన్న పువ్వొకటి అల్లి, దాని ఫొటోతో సహా కథనం రాసేద్దామని వచ్చాను. మొగల్తూరు దారిలో ఓ పల్లెలో, పెంకుటింటి వసారాలో నా పొగరు దిగింది.

తప్పెక్కడుందంటే...

ఏడున్నర రేకులు ఎందుకొచ్చాయో మామ్మగారు విప్పి చూపించారు. మీ ఇంట్లో ఎవరైనా అల్లేవాళ్లుంటే ఇది తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా.

ముందు ఆరు గొలుసులు అల్లి, కలిపి ఉంగరంలా చెయ్యాలి. ఆ ఉంగరంలోంచి పదహారు పొడుగు కుట్లు లేపాలి. పై వరసలో కుట్టు విడిచి కుట్టు పట్టుకుంటూ ఎనిమిది కిటికీలు కట్టాలి. ఒక్కో కిటికీలో ఒక్కో రేకు. అంతే. వినడానికి రెండో ఎక్కంలా ఉంటుంది. కిటుకంతా వరస మొదట్లో ఉంది. మొదటి పొడుగు కుట్టు స్థానంలో మూడు గొలుసులు వేస్తాం. అది కూడా లెక్కలోకి వస్తుంది. అంటే ఇంకో పదిహేను వెయ్యాలి. నేను పద్నాలుగే వేసి, పదహారు అయ్యాయనుకున్నాను. ఒక్క కుట్టు తగ్గింది. పైవరస చివరికొచ్చేసరికి ఎనిమిదో కిటికీకి చోటు చాల్లేదు. ఏదో అయిందిలే అని అక్కడ కుట్టు విడవకుండా ఇరికించేశాను.

తప్పు చేసినప్పుడు నాకు తెలియలేదు. ఇరికించినప్పుడు మాత్రం తెలుసు. 'పై వరసలో సర్దుకుంటుందిలే' అనుకున్నాను. మామ్మగారు ఆ మాటకి అడ్డంగా తలూపారు. 'లేసులో ఏదీ సర్దుకోదమ్మా. కింద ఒక్కటి పోతే పైకెళ్లేకొద్దీ పెద్దదవుద్ది' అన్నారు.

ఈ అల్లికలో ఓ మంచి, ఓ చెడు రెండూ ఒకచోటే ఉన్నాయి. ఏ క్షణాన చూసినా సూది మీద ఉండేది ఒక్కటే ముడి. దాన్ని లాగితే ఎంత అల్లినా చక్కగా విడిపోతుంది. అందుకే ఏ తప్పునైనా దిద్దుకోవచ్చు. కానీ దిద్దడానికి మధ్యలోంచి వెళ్లే దారి లేదు. రెండో వరసలో తప్పుంటే నాలుగో వరస, మూడో వరస అన్నీ విప్పుకుంటూ అక్కడికి దిగాల్సిందే. బాగా వచ్చిన రేకులు కూడా పోవాల్సిందే. ఆ ఏడు రేకులూ నిజంగా బాగా వచ్చాయండీ!

రెండోసారి అల్లాను. లెక్క సరిపోయింది. గచ్చు మీద పెడితే ఈసారి పువ్వు మొత్తం ముడుచుకుంది. 'చెయ్యి బిగువు' అన్నారు మామ్మగారు. తప్పు చేస్తానేమోనన్న భయంతో దారాన్ని బిగలాగానట. కొత్తవాళ్లందరిదీ బిగువు చెయ్యేనట. పాతవాళ్లకి కూడా ఇంట్లో గొడవైన రోజు చెయ్యి బిగుసుకుంటుందట. 'పొద్దున్న అల్లిన పువ్వు, రాత్రి అల్లిన పువ్వు పక్కపక్కన పెడితే ఆ రోజు ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పేయొచ్చండి' అంది కోడలు. ఆ మాటకి అత్తగారు కళ్లెర్ర చేశారు. ఉత్తుత్తినే లెండి!

మూడోది... ఎండాకాలం మధ్యాహ్నం, కరెంటు పోయింది. చేతులు చెమట్లు. కోడలు పౌడరు డబ్బా ఇచ్చి అరచేతులకి రాసుకోమంది. రాసుకునేలోగానే దారం మట్టి రంగుకి తిరిగింది.

రాత్రి లాడ్జిలో నాలుగోది మొదలెట్టాను. లెక్క తప్పకూడదని పైకే లెక్కపెట్టుకుంటున్నాను. మావారు ఫోను చేసి 'అన్నం తిన్నావా?' అన్నారు. 'పదకొండు' అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. ఫోను పెట్టేశాక చూసుకుంటే, పదకొండో పన్నెండో నాకే అనుమానం వచ్చింది. మళ్లీ మొదటికి!

అలిగిన చిలక

చిన్నప్పుడు మా ఇంట్లో టీవీ మీద ఓ లేసు గుడ్డ ఉండేది. అమ్మ అల్లింది. ఎదురుబొదురుగా రెండు చిలకలు. అందులో ఒకదాని ముక్కు మాత్రం పక్కకి తిరిగిపోయి ఉండేది. వచ్చినవాళ్లు అడిగితే 'ఆ చిలక అలిగింది' అనేది అమ్మ. ఆ అలిగిన చిలక ఆ టీవీ పాతబడి పోయేదాకా అలాగే ఉంది. మేమంతా ఆ చిలకనే ఎక్కువ ఇష్టపడేవాళ్లం.

మామ్మగారికి ఈ కథ చెబితే నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. 'మీ అమ్మగారు మీ ఇంటికి అల్లుకున్నారు కదమ్మా' అన్నారు.

ఆ తేడా నాకు మర్నాడు కళ్లకు కట్టింది. కోడలు ముందు పెద్ద టేబుల్ గుడ్డ పరిచి ఉంది. పన్నెండు వరసలు, వరసకి ఎనిమిది పువ్వులు. పువ్వులన్నీ ఒకే ఇంట్లో అల్లినవి కావు. నాలుగైదు ఇళ్లవాళ్లు తలా కొన్ని అల్లితే, అన్నింటినీ కలిపే అతుకుపని ఈమెది. ఒకరిది బిగువు చెయ్యి, ఒకరిది వదులు చెయ్యి. నమూనా ఒకటే, దారం ఒకటే. అయినా పువ్వు పువ్వుకీ సైజులో నూలుపోగంత తేడా. అవన్నీ తిన్నగా పడుకునేలా కలపాలి.

సాయంత్రం ఏజెంటు వస్తాడు. పదింటికి నాలుగో వరసలో ఓ చోట గుడ్డ ఉబ్బెత్తుగా లేచింది. కోడలు చేత్తో సరిచేసింది. తడిపి, లాగి చూసింది. వెనక్కి తిప్పి, దీపం పురుగుని వెతికినట్టు ఒక్కో పువ్వూ చూసుకుంటూ వెళ్లింది. దొరికింది. ఆ పువ్వు అంచు వరసలో గొలుసు ఒకటి ఎక్కువ పడింది.

'ఇస్త్రీ చేస్తే అణిగిపోదా?' అన్నాను. నా బుద్ధి మారలేదు చూడండి!

'ఇక్కడ అణుగుద్దండి. అక్కడ ఒక్కసారి ఉతగ్గానే లేస్తది' అంది.

ఒళ్లో లాగేస్తే పోయే పువ్వు కాదది. నాలుగు పక్కలా నాలుగు పువ్వులకి అతికి ఉంది. చిన్న కత్తెర తీసుకుని, అతుకులు ఒక్కొక్కటీ తెంచడం మొదలెట్టింది. కత్తెర మొన పక్క పువ్వు దారానికి తగిలిందా, అదీ పోయినట్టే. ఊపిరి బిగబట్టి చూస్తున్నది నేను. ఆమె మాత్రం మధ్యమధ్యలో పొయ్యి మీద అన్నం సంగతి అడుగుతూనే ఉంది. తీసిన చోట తెల్లటి గుడ్డలో గుండ్రంగా ఖాళీ. చూడ్డానికి పన్ను ఊడినట్టుంది. ఆ ఖాళీకి సరిపడా కొత్త పువ్వు అల్లి, ఆఖరి వరస అల్లుతూనే పక్క పువ్వులతో కలుపుకుంటూ వచ్చింది. ఒంటిగంట దాటింది.

'ఈ మూడు గంటలకీ ఏమైనా కడతారా?' అనడిగాను.

ఆమెకి నా ప్రశ్న అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక, 'విప్పిన దానికి ఎవరిస్తారండీ?' అంది.

ఆ పువ్వు అల్లింది వేరే ఇంటావిడ. ఆవిడకి చెబుతారా అంటే, చెప్పనంది. 'ఆవిడకి చూపు ఆనట్లేదండి. చెబితే మానేస్తది. మానేస్తే ఎలా?' అంది. అతుకు చేసే మనిషికి అతుకు కూలే. పక్కింటి తప్పు దిద్దిన కూలి ఏ పద్దులోనూ రాదు. ఒక పువ్వుకి తనకెంత వస్తుందో కూడా చెప్పింది. విని మళ్లీ అడిగాను. రేవులో నేను రెండు టీలకి ఇచ్చినంత కూడా లేదు.

జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సామాజికవేత్త నరసాపురం లేసు ఆడవాళ్ల మీద ఓ పుస్తకం రాశారు. 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేస్తున్న ఈ ఆడవాళ్లని అందరూ, చివరికి వాళ్లింటివాళ్లు కూడా, 'ఇంట్లో కూర్చునే ఆడవాళ్లు'గానే చూస్తున్నారని ఆమె వాదన. ఖాళీ వేళల్లో చేసే పని అనుకుంటే దానికి కూలి కూడా ఖాళీగానే ఉంటుంది మరి. నలభై ఏళ్లు దాటాక నేను ఆ వసారాలో కూర్చుని మామ్మగారిని 'మీరేం చేస్తుంటారు?' అనడిగితే ఆవిడ ఠక్కున చెప్పిన జవాబు... 'ఏముందమ్మా, ఇంట్లోనే ఉంటాను!' ఎనిమిదో ఏట సూది పట్టిన మనిషి ఆవిడ. తప్పు పోతే వాళ్లమ్మ ఆ సూదితోనే వేళ్ల మీద కొట్టేదట.

దారం లెక్క

ఈ గొడవంతటిలో నేను ఒక సంగతి ఆలోచించలేదు. నేను అల్లి, విప్పి, మాపి, మళ్లీ అల్లిన దారం ఎవరిది?

విప్పిన దారం రెండోసారికి పనికొస్తుంది. మూడోసారికి నూగు లేస్తుంది. నాలుగోసారికి తాడులా మెలికలు తిరుగుతుంది. నా చేతిలో ఉన్నది అచ్చంగా అదే. ఏజెంటు దారం తూకం వేసి ఇస్తాడు. లేసూ తూకం వేసే తీసుకుంటాడు. తగ్గితే కూలిలో కోత. ఈ మాట మామ్మగారు చెప్పలేదు. మూలనున్న చిన్న తక్కెడ చూసి నేనే అడిగాను. డబ్బిస్తానంటే 'ఊరుకోండమ్మా, చుట్టమై వచ్చారు' అన్నారు. ఆటో మాట్లాడుకుని నరసాపురం వెళ్లి, అదే నంబరు దారపు ఉండ కొనుక్కొచ్చాను. మామ్మగారు రెండు వేళ్ల మధ్య నలిపి చూశారు. ఏమీ అనకుండా ఆ పాత ఉండ పక్కన పెట్టారు. నాకు అప్పుడుగానీ ఊపిరాడలేదు.

ఆ కొత్త ఉండలోంచే కాస్త దారం తీసి నా ఐదో పువ్వు మొదలెట్టించారు. ఈసారి నేను ముచ్చట్లు చెప్పలేదు. ఫోను లోపల పెట్టేశాను. ఆరు గొలుసులు, ఉంగరం, మూడు గొలుసులు, పదిహేను పొడుగు కుట్లు. వరస అయిన ప్రతిసారీ గచ్చు మీద పెట్టి వేలితో నొక్కి చూసుకున్నాను. మూడో వరసలో ఓ కిటికీ చిన్నగా అనిపించింది. మామ్మగారి వైపు చూడకుండానే లాగేశాను. నాలుగు కుట్లే పోయాయి. ఆవిడ గమనించనే లేదనుకున్నాను. 'ఆయ్... అదీ!' అని గొణుక్కోవడం వినిపించింది.

పువ్వు అయింది. ఎనిమిది రేకులు. ఓ రేకు కొంచెం బొద్దుగా ఉన్న మాట నిజమే. గచ్చు మీద మాత్రం పళ్లెంలా కూర్చుంది. మామ్మగారు నొక్కి చూశారు. రెండో పక్క లేవలేదు. కొస దారాన్ని కుట్లలోకి దూర్చి, ముడి కనపడకుండా చేసి, కత్తిరించి నా చేతిలో పెట్టారు. మెచ్చుకుంటారని ఎదురుచూశాను. 'ఒక్క పువ్వేం చేసుకుంటారు? ఇంకోటి మొదలెట్టండి' అన్నారు.

మనవరాలు కాలేజీ నుంచి వచ్చింది. ఇంటరు. సూది పట్టడం వచ్చా అంటే తల అడ్డంగా ఊపింది. 'నేనే నేర్పలేదండి' అంది కోడలు, పని మీంచి తలెత్తకుండా. మామ్మగారు ఏమీ అనలేదు. మిషన్ల మీద అల్లిన చవక లేసు చైనా నుంచి వచ్చాక ఆర్డర్లు ఎలా తగ్గాయో అంతకు ముందే చెప్పి ఉన్నారు. అడిగినా ఇంకేం చెబుతారులే అని నేనూ ఊరుకున్నాను.

సాయంత్రం ఐదున్నరకి ఏజెంటు వచ్చాడు. మోటారు సైకిలు మీద, వెనక సంచిలో దారపు ఉండలు. మంచి మనిషిలాగే ఉన్నాడు. పిల్లల చదువుల గురించి అడిగాడు. టేబుల్ గుడ్డని మడత మంచం మీద పరిచాడు. చూపుడు వేలు ఆనించి ఒక్కో వరసా చూసుకుంటూ వచ్చాడు. ఒకటి... రెండు... మూడు. మామ్మగారు బయటికి చూస్తున్నారు. కోడలు మాత్రం ఆ వేలినే చూస్తోంది.

నాలుగో వరస మీద వేలు ఆగలేదు.

ఐదు, ఆరు అనుకుంటూ చివరికొచ్చి, 'బావుందమ్మా' అని మడిచేశాడు. తక్కెడలో వేశాడు, పుస్తకంలో రాశాడు, కొత్త దారం తూచి ఇచ్చాడు. సంచిలో పెట్టేముందు ఓసారి చూస్తానని గుడ్డ అడిగి తీసుకున్నాను. పొద్దున్న నా కళ్ల ముందే తీసి వేసిన పువ్వు. నాలుగో వరసలో ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా చూశాను. వెనక్కి తిప్పి కూడా చూశాను.

అదేదో నాకు దొరకలేదు.